బడి కమిటీని వెనక్కి పిలిచే హక్కు ఎవరిది?

బెంగళూరులో ప్రభుత్వ బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్ని "మీ బడి బాగోగులు చూసేదెవరు?" అని అడిగితే హెడ్మాస్టరు పేరు చెబుతారు. కాస్త లోకం తెలిసినవాళ్లయితే బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసు పేరెత్తుతారు. ఎస్‌డీఎంసీ అనే నాలుగక్షరాల సంగతి మాత్రం అరుదుగా ఎవరో అంటారు. ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తమలాంటి అమ్మానాన్నలే ఉండాలని చట్టం చెబుతోందని, వాళ్లను ఎన్నుకోవలసింది తామేనని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఎన్నుకున్నాక ఆ మనిషి పనిచేయకపోతే, లేదా చేయకూడని పని చేస్తే, గడువు తీరేదాకా భరించాలా, మధ్యలోనే దించేయవచ్చా? ఈ ప్రశ్న దాకా వచ్చేవాళ్లు దాదాపు ఉండరు.

ఈ ప్రశ్న అమెరికాలో పాతదే. అక్కడ ఎక్కువ చోట్ల స్కూల్ బోర్డు సభ్యుల్ని ఓటర్లే ఎన్నుకుంటారు, చాలా రాష్ట్రాల్లో ఓటర్లే గడువుకు ముందే దించేయవచ్చు. దాన్ని రీకాల్ అంటారు. మన పత్రికలు 'వెనక్కి పిలిచే హక్కు' అని రాస్తున్నాయి. ఆ హక్కు బెంగళూరు బడులకు వస్తే ఎలా ఉంటుంది, ఎవరి చేతికి రావాలి అన్నది నింపాదిగా చూద్దాం. దానికి ముందు ఇక్కడ అసలు బోర్డు లాంటిది ఏముందో తెలుసుకోవాలి.

కర్ణాటకలో ఎస్‌.ఎం.కృష్ణ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అణుశాస్త్రవేత్త రాజా రామన్న అధ్యక్షతన విద్యపై ఒక కార్యదళం ఏర్పడింది. బడిని పల్లె పెద్దలకో, పార్టీ కార్యకర్తలకో కాకుండా అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులకు అప్పగించాలన్నది దాని సిఫార్సుల్లో ముఖ్యమైనది. ఆ ప్రకారం 2001 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 'శాలాభివృద్ధి మత్తు మేలుస్తువారి సమితి', అంటే ఎస్‌డీఎంసీ, పుట్టింది అలాగే. మేలుస్తువారి అంటే పర్యవేక్షణ. బడిలోని తల్లిదండ్రులంతా కలిస్తే పోషకుల పరిషత్తు. ఆ పరిషత్తు తొమ్మిది మందిని ఎన్నుకోవాలి, వాళ్లలోంచి అధ్యక్షుడు రావాలి, హెడ్మాస్టరు కార్యదర్శిగా ఉండాలి. అప్పటిదాకా గ్రామ విద్యా కమిటీల పేరిట నడిచిన నామినేషన్ల పద్ధతితో పోలిస్తే ఇది పెద్ద మార్పు.

తర్వాత 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి దేశమంతటా ఇలాంటి కమిటీని తప్పనిసరి చేసింది. ఆ చట్టంలో 21వ సెక్షన్ చిన్నదే కానీ విషయం గట్టిది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో కమిటీ ఉండాలి. అందులో స్థానిక సంస్థలో ఎన్నికైన ప్రతినిధులు, తల్లిదండ్రులు, టీచర్లు ఉండాలి. కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కావాలి. సగం మంది మహిళలు కావాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యను బట్టి చోటు దక్కాలి. పనులు మూడు: బడి నడిచే తీరును గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ప్రభుత్వం నుంచి, ఇతరుల నుంచి వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడడం. 2012లో చేసిన సవరణతో ఎయిడెడ్ బడుల్లో, మైనారిటీ బడుల్లో ఈ కమిటీ సలహాలకే పరిమితమైంది.

ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇదే కమిటీని ఎస్‌ఎంసీ అంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత కొన్నాళ్లు దాన్ని తల్లిదండ్రుల కమిటీ అన్నారు. 2024 ఆగస్టు 8న మళ్లీ రాష్ట్రమంతటా ఎస్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి, తరగతికి ముగ్గురేసి తల్లిదండ్రులు. కొన్ని బడుల దగ్గర పార్టీల వాళ్లు కలబడ్డారు కూడా. ఒక్క రూపాయి జీతం లేని పదవి కోసం ఆ తోపులాట ఏమిటని నవ్వుకున్నవాళ్లున్నారు. నాకైతే నవ్వు రాలేదు. కొట్లాడుకునేంత విలువ ఆ కుర్చీకి ఉందని కనీసం పార్టీల వాళ్లు గుర్తించారు; తల్లిదండ్రులే ఇంకా గుర్తించలేదు.

అలాగని కమిటీకి ఉన్న అధికారాన్ని ఎక్కువ చేసి చెప్పడమూ తప్పే. టీచర్ని వేయలేదు, మార్చలేదు. పాఠ్యపుస్తకం జోలికి పోలేదు. జీతాల బిల్లు దాని చేతిలో ఉండదు. పై నుంచి వచ్చే పనులు మాత్రం దాని నెత్తిన పడుతుంటాయి. 2022 అక్టోబరులో కర్ణాటక విద్యాశాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది: తల్లిదండ్రుల నుంచి నెలకు వంద రూపాయలు స్వచ్ఛంద విరాళంగా తీసుకునే వీలు ఎస్‌డీఎంసీలకు కల్పిస్తున్నామని. ఉచిత విద్య అని చట్టం చెబుతుంటే ఈ వసూలేమిటని గోల లేచింది, నాలుగు రోజులు తిరక్కుండానే సర్క్యులర్ వెనక్కి పోయింది. కాసేపు అది వెనక్కి పోలేదనుకోండి. ఒక బడి కమిటీ అధ్యక్షుడు ఆ వందని గట్టిగా వసూలు చేస్తున్నాడు, కట్టని కూలి మనిషి పిల్లవాడిని అందరి ముందూ నిలబెడుతున్నాడు. ఆ బడిలోని తల్లిదండ్రులకు ఏ దారి ఉంది?

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లో గానీ, కేంద్రం 2010లో చేసిన నియమాల్లో గానీ దీనికి జవాబు లేదు. కమిటీని ఎలా వేయాలో, నెలకు కనీసం ఒకసారి ఎలా కూర్చోవాలో, రెండేళ్లకోసారి ఎలా మార్చాలో కేంద్ర నియమాలు చెబుతాయి. కర్ణాటకలో గడువు మూడేళ్లు. మధ్యలో ఒక సభ్యుడి మీద నమ్మకం పోతే ఏం చేయాలన్న చోట కేంద్ర నియమాలు మౌనం. ఆచరణలో జరిగేది ఫిర్యాదు: హెడ్మాస్టరుకు, క్లస్టరు అధికారికి, బీఈఓకు. ఎన్నుకున్నది తల్లిదండ్రులు, తీర్పు చెప్పేది ఆఫీసు. ఎన్నిక ద్వారా వచ్చిన చిన్న అధికారం కూడా చివరికి ఫైలుగా మారుతుంది.

ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్దాం. ఆ నగరంలో స్కూల్ బోర్డుకు ఏడుగురు సభ్యులు. 2022 ఫిబ్రవరి 15న వాళ్లలో ముగ్గురిని, అలిసన్ కాలిన్స్, గాబ్రియేలా లోపెజ్, ఫావుగా మొలీగాలను, ఓటర్లు దించేశారు. ముగ్గురి మీదా మూడింట రెండొంతులకు మించి ఓట్లు పడ్డాయి. మిగిలిన నలుగురి జోలికి పోకపోవడానికి కారణం వాళ్లు మంచివాళ్లని కాదు. ఈ ప్రయత్నం మొదలయ్యేనాటికి వాళ్ల గడువు మొదలై ఆరు నెలలు కాలేదు, గడువు మొదట్లోనే ఎవరినీ కదపకూడదని అక్కడి నియమం.

కోపానికి కారణాలు చాలా ఉన్నాయి. కరోనా కాలంలో చుట్టుపక్కల ఊళ్లలో బడులు తెరుస్తుంటే ఇక్కడ మూసే ఉన్నాయి. అదే సమయంలో బోర్డు కూర్చుని వాషింగ్టన్, లింకన్ పేర్లున్నవి సహా 44 బడుల పేర్లు మార్చాలని తీర్మానించింది. లోవెల్ హైస్కూల్‌లో మార్కుల మీద ఇచ్చే ప్రవేశాన్ని లాటరీగా మార్చింది. ఆసియా సంతతి వాళ్లను కించపరుస్తూ కాలిన్స్ 2016లో చేసిన ట్వీట్లు బయటికి వచ్చాయి. బోర్డు ఉపాధ్యక్ష పదవి నుంచి తీసేస్తే ఆమె బోర్డు మీదే 8.7 కోట్ల డాలర్లకు దావా వేసింది. దాన్ని కోర్టు కొట్టేసింది. ఈ గొడవల మధ్య శివ రాజ్ అనే భారతీయ వలసదారు, ఆటమ్ లుయెన్ అనే ఒక తల్లి కలిసి సంతకాల ఉద్యమం మొదలుపెట్టారు. ఒక్కొక్క సభ్యుడి మీదా 51,325 సంతకాలు కావాలి. అంతకు చాలా మించి వచ్చాయి. ఎన్నికల అధికారులు సరిచూశారు, తేదీ పెట్టారు, నగరమంతా ఓటేసింది. ఖాళీలను మేయర్ లండన్ బ్రీడ్ తన ఎంపికతో నింపింది.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోవాలి. ఒకటి, అక్కడి బోర్డు వేరు, మన కమిటీ వేరు. శాన్‌ఫ్రాన్సిస్కో బోర్డు ఒక్క బడికి కాదు, నగరంలోని ప్రభుత్వ బడులన్నిటికీ కలిపి. బడ్జెట్ ఆమోదిస్తుంది, సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది. అంత అధికారం ఉన్నచోట రీకాల్‌కు అంత పెద్ద ఎన్నిక తగినదే. రెండోది మన తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. అమెరికాలో స్కూల్ బోర్డుకు ఓటేసేది తల్లిదండ్రులు కాదు, ఆ ప్రాంతంలోని పౌర ఓటర్లందరూ. పిల్లల్లేని ముసలాయనకు ఓటుంది. పిల్లలిద్దరూ ఆ బడిలోనే చదువుతున్నా, ఇంటిపన్ను కడుతున్నా, హెచ్‌1బీ మీద ఉన్న తండ్రికి లేదు. దీన్ని సరిచేయడానికి శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2016లో ఒక ప్రతిపాదనను గెలిపించారు: పౌరసత్వం లేకపోయినా, నగరంలో ఉంటూ పిల్లలున్నవాళ్లు స్కూల్ బోర్డుకు ఓటేయవచ్చని. 2022 రీకాల్‌లో అలాంటి తల్లిదండ్రులు ఓటేశారు కూడా. ఆ ఏడాది జులైలో ఒక జడ్జి ఈ పద్ధతిని కొట్టేశారు, 2023లో పై కోర్టు మళ్లీ నిలబెట్టింది.

అమెరికా అంతా ఇలాగే ఉంటుందనుకోవద్దు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ యాష్‌బర్న్ ఊరు వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఉంది. ఆ రాష్ట్రంలో సంతకాలు సేకరించేది ఓటింగు కోసం కాదు, కోర్టు కోసం. గత ఎన్నికలో ఆ సీటుకు పోలైన ఓట్లలో పదో వంతు సంతకాలు తెస్తే కేసు సర్క్యూట్ కోర్టుకు వెళ్తుంది, దించాలో వద్దో అక్కడ తేలుతుంది. 2021లో అక్కడ ఒక సభ్యురాలి మీద సంతకాలు అందాయి, విచారణ పూర్తి కాకముందే ఆమె రాజీనామా చేసింది.

మన దేశంలో ఈ ఆలోచన అరువు తెచ్చుకున్నది కాదు. శచీంద్రనాథ్ సన్యాల్ బృందం 1925లో పంచిన విప్లవ ప్రకటనలోనే, ఓటర్లకు తమ ప్రతినిధుల్ని వెనక్కి పిలిచే హక్కు లేకపోతే ప్రజాస్వామ్యం వేళాకోళమవుతుందన్న భావం ఉంది. రాజ్యాంగ సభలోనూ ఈ హక్కు మీద చర్చ జరిగింది, సభ ఒప్పుకోలేదు. జయప్రకాశ్ నారాయణ్ 1974లో దీన్ని నినాదం చేశాడు. అదే ఏడాది సి.కె.చంద్రప్పన్ లోక్‌సభలో బిల్లు తెచ్చాడు, వాజ్‌పేయి మద్దతిచ్చాడు, బిల్లు వీగిపోయింది. ఎమ్మెల్యే, ఎంపీల స్థాయిలో కథ అక్కడితో సరి.

చిన్న ఊళ్లలో మాత్రం కథ ముందుకు నడిచింది. మధ్యప్రదేశ్ తన మునిసిపల్ చట్టంలో రీకాల్ పెట్టింది. ప్రజలు నేరుగా ఎన్నుకున్న పురపాలక అధ్యక్షుడి మీద నాలుగింట మూడొంతుల కౌన్సిలర్లు సంతకాలు పెడితే, కలెక్టరు సరిచూస్తే, ఊరు మళ్లీ ఓటేస్తుంది. బ్యాలెట్ మీద పేర్లుండవు. రెండు బొమ్మలు: మనిషి కూర్చున్న కుర్చీ, ఖాళీ కుర్చీ. ఉంచాలనుకుంటే మొదటిది, దించాలనుకుంటే రెండోది. చదువు రానివాళ్లకు కూడా ఇంతకన్నా తేటగా చెప్పే గుర్తు నేను చూడలేదు. అనూప్‌పూర్ అధ్యక్షురాలు పల్లవికా పటేల్ ఇలా 2001లో పదవి పోగొట్టుకుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2008లో ఒకేసారి ముగ్గురు దిగిపోయారు. రాజస్థాన్‌లోని మాంగ్రోల్‌లో 2012లో ఊరు ఓటేసి అధ్యక్షుణ్ణి ఉంచేసింది. రీకాల్ అంటే దించడమే కాదు, పిలిచి చూసి ఉంచుకోవడం కూడా. హర్యానా 2020లో సర్పంచులకు ఇదే తెచ్చింది: నిర్ణీత సంఖ్యలో ఓటర్లు రాతపూర్వకంగా అడగాలి, దించాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

మధ్యలో ఒక తికమక తీర్చాలి. 2025 ఏప్రిల్ 19న విశాఖ మేయర్ హరి వెంకట కుమారి పదవి పోయింది. దాన్ని కొందరు రీకాల్ అన్నారు. కాదు. అది అవిశ్వాస తీర్మానం. మేయర్‌ను ఎన్నుకున్నది కౌన్సిల్ సభ్యులు, దించిందీ వాళ్లే, అనుకూలంగా 74 ఓట్లతో. ఎవరు ఎన్నుకున్నారో వాళ్లే దించాలన్న సూత్రం అక్కడ నిలబడింది, ఓటరు మాత్రం అందులో లేడు. మన సర్పంచి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది: ఎన్నుకునేది ఊరు, తొలగించగలిగేది కలెక్టరు. బెంగళూరు బడి కమిటీ పరిస్థితి సర్పంచి పరిస్థితికే దగ్గర.

అయితే తెలుగు నేలకు ఈ విషయంలో ఒక మంచి పాత నమూనా ఉంది, అది బడిలో కాదు, కాలువ గట్టున దొరుకుతుంది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 'రైతుల ద్వారా నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ' చట్టం చేసింది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి, ఆయకట్టు రైతులు అధ్యక్షుల్ని ఎన్నుకున్నారు. ఆ చట్టంలోనే రీకాల్ ఉంది. సంఘంలో ఓటున్న సభ్యుల్లో మూడో వంతు మంది సంతకం చేసి నోటీసు ఇవ్వాలి. పదవిలోకి వచ్చి ఏడాది తిరగనివాడి మీద నోటీసు చెల్లదు. దానికోసమే పిలిచిన సర్వసభ్య సమావేశంలో హాజరై ఓటేసినవాళ్లలో ఎక్కువమంది అవునంటే ప్రభుత్వం అతణ్ణి తప్పిస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. ఆఫీసు ఇక్కడ తీర్పు చెప్పదు, తీర్పును నమోదు చేస్తుంది. మరుసటి ఏడాది, 1998లో, పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం పేరిట ఇంకో చట్టం వచ్చి బడి కమిటీలకూ ఎన్నికలు తెచ్చింది. అంటే కాలువనీ బడినీ వాడుకునేవాళ్లకే అప్పగించాలన్న ఆలోచన ఒకే ఈడుది.

బెంగళూరు బడికి సరిపడే కొలత ఈ కాలువ చట్టంలో ఉందని నా నమ్మకం. శాన్‌ఫ్రాన్సిస్కోలో లాగా నగరమంతా పోలింగ్ బూత్‌లు అక్కర్లేదు. బెంగళూరు మధ్యతరగతి తెలుగువాళ్లకు ఇది అర్థం కావాలంటే తాముండే అపార్ట్‌మెంట్ సంఘాన్ని తలుచుకుంటే చాలు: కొంతమంది ఓనర్లు సంతకాలు పెట్టి ప్రత్యేక సర్వసభ్య సమావేశం అడుగుతారు, నోటీసు అంటిస్తారు, ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో కూర్చుని కార్యవర్గాన్ని నిలదీస్తారు. ఎవరూ కోర్టుకు పోరు, ఎవరూ ఎమ్మెల్యే ఇంటికి పోరు. లిఫ్టు బాగుచేయలేదని కార్యదర్శిని దించగలిగినవాళ్లు, మరుగుదొడ్డి తాళం తీయని బడి కమిటీని దించే పద్ధతి ఉండాలంటే ఎందుకు వింతగా చూడాలి?

240 మంది తల్లిదండ్రులున్న బడి అనుకుందాం. మూడో వంతు అంటే 80 సంతకాలు. ఇది తక్కువా ఎక్కువా? బడి గేటు దగ్గర సాయంత్రం బెల్లు కొట్టే వేళ వారం రోజులు నిలబడితే వచ్చే సంఖ్య. ఒకరిద్దరి కక్షతో రాదు. కాలువ చట్టంలో నాకు నచ్చనిది చివరి అంచె. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చాలంటే, 30 మంది వచ్చిన సమావేశంలో 16 మంది ఒక కుర్చీని ఖాళీ చేయగలరు. రోజు కూలీకి పోయేవాళ్ల బడిలో సమావేశం మంగళవారం పదకొండింటికి పెడితే అదే జరుగుతుంది. కాబట్టి కనీసం సగం కుటుంబాల నుంచి ఒకరు హాజరు కావాలని, సమావేశం ఆదివారమో సెలవు రోజో ఉండాలని, ఓటు చెయ్యెత్తి కాక చీటీ మీద వేయాలని పెట్టాలి. చెయ్యెత్తే ఓటులో పక్కింటి మేస్త్రీ చూస్తుంటాడు. చీటీ మీద అనూప్‌పూర్ కుర్చీలు రెండూ గీస్తే భాష సమస్యా తీరుతుంది. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే తరగతిలో కూర్చునే ఊరు ఇది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఓటెవరిది?

అమెరికా పద్ధతి ఉన్నదున్నట్టు తెస్తే వార్డు ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లు ఓటేయాలి. ఆ జాబితా పట్టుకుని బెంగళూరు ప్రభుత్వ బడికి వెళ్లండి. అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, మహబూబ్‌నగర్ నుంచి భవనాల పనికి వచ్చిన కుటుంబాల పిల్లలుంటారు. రాయచూరు, కలబురగి నుంచి వచ్చినవాళ్లుంటారు. వాళ్ల ఓటరు కార్డు ఊళ్లో ఉంటుంది. పోలింగ్ రోజు బస్సెక్కి వెళ్లి వేసి వస్తారు. బెంగళూరులో ఇల్లు, పని, పిల్లల చదువు ఉంటాయి కానీ ఓటు ఉండదు. ఎస్‌డీఎంసీ ఎన్నిక ఒక్కటే వీళ్లకు ఈ నగరంలో ఉన్న ఓటు, ఎందుకంటే దానికి ఓటరు కార్డు అడగరు, పిల్లవాడి పేరు బడి హాజరు పట్టీలో ఉంటే చాలు. సంవత్సరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి శాన్‌ఫ్రాన్సిస్కో తెచ్చుకున్న హక్కు ఇక్కడ 2001 నుంచే కాగితం మీద ఉంది. రీకాల్ పేరుతో దాన్ని వార్డు ఓటర్లకు మార్చేస్తే, పిల్లల్ని ప్రైవేటు బడికి పంపేవాళ్లు ప్రభుత్వ బడి కమిటీని దించే వింత పుడుతుంది. వెనక్కి పిలిచే హక్కు హాజరు పట్టీకే కట్టుబడి ఉండాలి. నేను ఈ వ్యాసంలో గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే, మిగతా అంకెలు అటూ ఇటూ అయినా పర్వాలేదు.

అభ్యంతరాలున్నాయి, కొన్ని బలమైనవే. పంచాయతీల్లో అవిశ్వాస తీర్మానం దళిత అధ్యక్షుల మీద, మహిళల మీద ఆయుధంగా మారిన ఉదాహరణలు అనేక రాష్ట్రాల్లో ఉన్నాయి. రిజర్వేషన్ వల్ల కుర్చీ దక్కిన మనిషిని కుర్చీలో ఉండనివ్వకుండా చేయడానికి అదొక దారి అయింది. అందుకే చాలా చట్టాలు మొదటి కొంతకాలం తీర్మానం పెట్టకూడదంటాయి. బడి కమిటీలోనూ సగం మంది మహిళలు. ఇంటి బయట మొదటిసారి మైకు ముందు నిలబడే అమ్మను మూడో నెలలో దించేస్తే ఆ తర్వాత ఇంకో అమ్మ ముందుకు రాదు. మూడేళ్ల గడువులో మొదటి ఏడాది, చివరి ఆరు నెలలు రీకాల్ ఉండకూడదు. ఒకరి మీద ఒక గడువులో ఒక్కసారే. దించిన సభ్యురాలు ఏ వర్గం నుంచి వచ్చిందో ఆ వర్గం నుంచే ఖాళీ నింపాలి. అప్పుడు కక్ష కట్టి దించినవాళ్లకు లాభం ఉండదు. ఈ చివరి షరతు ఏ రాష్ట్ర చట్టంలోనైనా మొదట చూసుకోవలసినది.

మరో అభ్యంతరం: పిల్లవాడు ఏడో తరగతి దాటి వెళ్లిపోతే తండ్రి సభ్యత్వం పోతుంది కదా, రీకాల్ ఎందుకు? నిజమే, కొంతవరకు కాలమే దించేస్తుంది. ఒకటో తరగతి పిల్ల తల్లికి మాత్రం మూడేళ్లంటే ఆ పిల్ల చదవడం రాయడం నేర్చుకునే కాలం మొత్తం.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. వెనక్కి పిలవడానికి ముందు పిలిచి ఉండాలి. చాలా బడుల్లో ఎన్నిక అంటే హెడ్మాస్టరు నలుగురి పేర్లు చదవడం, మిగతావాళ్లు చప్పట్లు కొట్టడం. బెంగళూరు నగరం సంగతి మరీ విడ్డూరం. నగర పాలక సంస్థ బీబీఎంపీకి చివరి ఎన్నిక 2015 ఆగస్టులో జరిగింది, 198 వార్డులకు. ఆ సభ గడువు 2020 సెప్టెంబరు 10న తీరిపోయింది. ఆ తర్వాత ఐదేళ్ల పైనే నగరాన్ని అధికారులే నడిపారు. 2025లో గ్రేటర్ బెంగళూరు చట్టం అమల్లోకి వచ్చి బీబీఎంపీ ఐదు కార్పొరేషన్లయింది. బడి కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధి ఉండాలని 21వ సెక్షన్ చెప్పిన చోట ఇన్నేళ్లూ కూర్చోవడానికి ఎన్నికైన కార్పొరేటరే లేడు. ప్రీయూనివర్సిటీ కాలేజీల్లో ఇంకో రకం. అక్కడి అభివృద్ధి కమిటీకి 2014 జనవరి సర్క్యులర్ ప్రకారం స్థానిక ఎమ్మెల్యేయే అధ్యక్షుడు. 2022లో ఉడుపి హిజాబ్ వివాదం హైకోర్టుకు వెళ్లినప్పుడు ఈ ఏర్పాటూ చర్చకు వచ్చింది. ఎమ్మెల్యేని తల్లిదండ్రులు ఏ సమావేశం పెట్టి దించుతారు?

ప్రైవేటు బడుల గురించి ఒక్క ముక్క. ప్రభుత్వ సాయం తీసుకోని బడులకు 21వ సెక్షన్ వర్తించదు. బెంగళూరులో లక్షలు ఫీజు కట్టే ఐటీ ఉద్యోగి తన పిల్లల బడిలో ఎవరినీ ఎన్నుకోడు, ఎవరినీ దించలేడు. వాట్సాప్ గ్రూపులో గొణుక్కోగలడు. వాళ్ల ఇంట్లో పనిచేసే అమ్మకు మాత్రం తన పిల్ల బడిలో చట్టం ఇచ్చిన ఓటుంది.

ఆ ఓటును చేతిలోకి తెచ్చుకునే పని రాష్ట్రంలో కొందరు చేస్తున్నారు. ఎస్‌డీఎంసీల రాష్ట్ర సమన్వయ వేదిక, దానికి మహాపోషకుడిగా ఉన్న విద్యావేత్త నిరంజనారాధ్య వి.పి. వంటివారు కమిటీలకు శిక్షణ, అధికారం, నిధులు అడుగుతూ వచ్చారు. రీకాల్‌ను ఆ జాబితాలో చేర్చడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 38వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది. నోటీసుకు ఎన్ని సంతకాలు, సమావేశం ఎన్ని రోజుల్లో పిలవాలి, హెడ్మాస్టరు పిలవకపోతే ఎవరు పిలవాలి, చీటీలు ఎవరు లెక్కపెట్టాలి, ఖాళీ ఎలా నింపాలి: ఇంతే, కాగితం మీద ఒక పేజీ.

ఆ పేజీ వచ్చేలోగా తల్లిదండ్రులకు మిగిలింది 32వ సెక్షన్. పిల్లల హక్కుకు భంగం కలిగిందని స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఫిర్యాదు రాసేముందు బడిలో ఎస్‌డీఎంసీ సమావేశాల తీర్మానాల పుస్తకం అడిగి చూడాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టాలి. ఎన్ని నెలలుగా సమావేశమే జరగలేదో, జరిగినట్టు రాసిన సమావేశాల్లో ఎవరి సంతకాలు ఒకే చేతిరాతలో ఉన్నాయో ఆ పుస్తకం చెబుతుంది.